నృత్తరత్నావళి – కదలికను ఊహించే శక్తి

రేణిగుంట నుండి పుత్తూరుకు పోయే రహదారి మీద వడమాలపేట ఉన్నది. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనిదైన ఈ ఊరు 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. ఈ మండలంలోని అప్పలాయగుంటలో ప్రసన్న వేంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలు జరిగే రోజులలో స్వామి వాహనం ముందు కోలాటం బృందాలు, భజన బృందాలు నడుస్తాయి. కర్రల చప్పుడు, తాళాల మోత, పాట, అడుగు అన్నీ ఒకే లయలో సాగుతాయి. వీధికి ఇరువైపులా నిలిచి చూసే జనాన్ని కొంచెం శ్రద్ధగా గమనిస్తే ఒక విశేషం తెలుస్తుంది. కొందరు కన్నులతో మాత్రమే చూస్తారు. మరికొందరి వేళ్లు వారికి తెలియకుండానే కదులుతాయి. మడమ నేలను తట్టుతుంది. కోపు మారబోయే క్షణానికి ముందే వారి భుజం ఆ వైపుకు తిరుగుతుంది. ఇటువంటివారిలో ఎక్కువమంది ఎప్పుడో ఒకప్పుడు కోలాటం కర్ర పట్టినవారే అయి ఉంటారు.

చూసే దృశ్యం ఒక్కటే అయినప్పుడు చూసేవారిలో ఈ భేదం ఎందుకు కలుగుతున్నది? కదలికను మనస్సులో ఊహించే శక్తి అందరికీ సమానంగా ఉంటుందా, లేక శరీరం చేసిన అభ్యాసాన్ని బట్టి, చెవి ఎరిగిన లయను బట్టి మారుతుందా? ఈ ప్రశ్న మనస్తత్వ శాస్త్రానికి చెందినదే అయినా, దీనికి సమాధానం తెలియనిదే ఒక గొప్ప గ్రంథం విలువను సరిగా నిర్ణయించడం సాధ్యం కాదు. ఆ గ్రంథం తెలుగునాట పుట్టిన నృత్తరత్నావళి.

గ్రంథము, గ్రంథకర్త

నృత్తరత్నావళిని రచించిన జాయప సేనాని కాకతీయ గణపతిదేవ చక్రవర్తి గజసైన్యానికి అధిపతి. చక్రవర్తి ఆజ్ఞపై ఇతడు గుండామాత్యుని వద్ద నృత్యవిద్య నేర్చుకున్నాడు. 1253–54 ప్రాంతంలో సంస్కృతంలో ఈ గ్రంథాన్ని పూర్తి చేశాడు. ఇందులో ఎనిమిది అధ్యాయాలున్నాయి. మొదటి నాలుగింటిలో భరతుని సంప్రదాయాన్ని అనుసరించిన మార్గ నృత్తం, తరువాతి నాలుగింటిలో దేశి నృత్తం వివరింపబడినవి. డాక్టర్ వి. రాఘవన్ పరిష్కరించిన మూలం 1965లో మద్రాసులో వెలువడినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి తెలుగు అనువాదాన్ని 1969లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ ప్రచురించినది. తిరుపతిలో ఉండి అన్నమాచార్య కీర్తనలకు స్వరరచన చేసిన శర్మగారు ఈ ప్రాంతపు పాఠకులకు సుపరిచితులు. సంస్కృత పాండిత్యము, సంగీత జ్ఞానము రెండూ కలిగిన వ్యక్తి చేతిలో ఈ గ్రంథం తెలుగులోకి రావడం భాగ్యమే.

జాయపుని ప్రతిభ ముఖ్యంగా దేశి భాగంలో కనిపిస్తుంది. ప్రాచీన గ్రంథాలలోని మాటలను తిరిగి చెప్పడంతో తృప్తిపడక, తన కాలంలో జనం ఆడుతున్న ఆటలను కూడా ఆయన శాస్త్రంలో చేర్చాడు. పేరిణి, ప్రేంఖణం, రాసకం, చర్చరి, కర్రలు చేతబట్టి జట్లుగా ఆడే దండరాసకం మొదలైనవి ఇందుకు నిదర్శనాలు. కంటితో చూసినదాన్ని వర్గీకరించి, పేరు పెట్టి, లక్షణం చెప్పడం శాస్త్రజ్ఞుని పద్ధతి. ఆ పద్ధతిని ఆయన దేశి నృత్తాలకు అన్వయించాడు.

అయితే ఈ గ్రంథాన్ని చేతబట్టిన నేటి విద్యార్థికి ఒక చిక్కు ఎదురవుతుంది. మాటలకు అర్థం తెలుస్తుంది, కాని కదలిక కనిపించదు. ఇది జాయపుని లోపమా, అనువాదకుని లోపమా, చదువరి లోపమా అన్నది విచారించవలసిన విషయం.

మాటకు అందని భాగం

నృత్యశాస్త్ర గ్రంథాలలోని లక్షణ శ్లోకాలు సాధారణంగా మూడు విషయాలు చెబుతాయి: చేయి ఏ ముద్రలో ఉండాలి, పాదం ఎట్లా ఉంచాలి, దేహం ఏ స్థితిలో నిలవాలి. ఒక స్థితి నుండి మరొక స్థితికి చేయి ఏ దారిలో ప్రయాణం చేయాలి, ఆ దారిలో ఎక్కడ వేగం పెరగాలి, ఎక్కడ తగ్గాలి అన్నది చాలావరకు గురువు చూపి చెప్పేందుకు విడిచిపెడతాయి.

భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి దీనిని సులభంగా చెప్పవచ్చు. ఒక వస్తువు మొదట ఎక్కడ ఉన్నదో, చివరకు ఎక్కడికి చేరినదో చెప్పినంత మాత్రాన దాని చలనం తెలియదు. కాలానికీ దూరానికీ గీసే రేఖాపటంలో రెండు బిందువులు గుర్తిస్తే వాటి గుండా ఎన్ని వక్రరేఖలనైనా గీయవచ్చు. లక్షణ శ్లోకం ఇచ్చేవి ఆ బిందువులు. రేఖను గీయవలసినవాడు చదువరి.

శిల్పం విషయం కూడా ఇంతే. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో నిర్మింపజేసిన రామప్ప దేవాలయంలో నర్తకీ శిల్పాలు, నృత్తభంగిమలు అనేకం ఉన్నాయి. 2021లో ఆ ఆలయం ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేరినది. అక్కడి రాయి కూడా ఒక్క క్షణాన్నే పట్టి ఇస్తుంది. ఆ క్షణానికి ముందు ఏమి జరిగినదో, తరువాత ఏమి జరగనున్నదో రాయి చెప్పదు.

అప్పలాయగుంట స్వామి కుడిచేయి అభయహస్తం. ఆ చేయి పైకెత్తినదని, భయపడవద్దని చెబుతున్నదని గ్రహించడానికి ఏ శాస్త్రమూ చదవనక్కరలేదు. ఏడ్చే బిడ్డ ముందు, బెదిరిన ఆవు ముందు అట్లా చేయి ఎత్తనివారు ఉండరు. ప్రతి మనిషి దేహానికీ ఆ కదలిక తెలుసు. కాని పేరిణి నర్తకుని పాదం గాలిలో ఉన్న శిల్పాన్ని చూసినప్పుడు అటువంటి జ్ఞానం అందరికీ లేదు. రెండు విగ్రహాలూ రాతివే. భేదమంతా చూసేవాని దేహంలో ఉన్నది.

ఊహ బొమ్మ మాత్రమే కాదు

మనస్సులో ఒక తెర ఉన్నదని, ఊహించడమంటే ఆ తెరపై బొమ్మలు ఆడించడమని సామాన్యంగా అనుకుంటారు. ఈ అభిప్రాయం కొంతవరకే నిజమని గత అర్ధశతాబ్దంలో జరిగిన ప్రయోగాలు తెలిపాయి.

1971లో షెపర్డ్, మెట్జ్‌లర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఘనాలతో కూర్చిన ఆకారాల బొమ్మలను జతలుగా చూపి, ఆ రెండూ ఒకే వస్తువువా కాదా అని అడిగారు. రెండు బొమ్మల నడుమ కోణభేదం ఎంత ఎక్కువైతే జవాబుకు అంత ఎక్కువ కాలం పట్టింది. మనస్సు ఆ వస్తువును నిజంగా తిప్పి చూస్తున్నట్లే కాలం కోణానికి అనుగుణంగా పెరిగింది. దీనికి మానసిక భ్రమణమని పేరు.

1987లో పార్సన్స్ ఘనాలకు బదులు మనిషి చేతి బొమ్మలు చూపి, అది కుడిచేయా ఎడమచేయా అని అడిగాడు. అప్పుడు కాలం కోణాన్ని మాత్రమే అనుసరించలేదు. మణికట్టు సులభంగా తిరిగే స్థితులకు తొందరగా, తిప్పడానికి కష్టమైన స్థితులకు ఆలస్యంగా జవాబులు వచ్చాయి. అంటే చూసేవారు బొమ్మను తిప్పడం లేదు. మనస్సులో తమ చేతినే తిప్పి చూస్తున్నారు. ఎముకలకూ కీళ్లకూ ఉన్న పరిమితులు ఊహకు కూడా వర్తించాయి.

ఊహకు కన్నే ఆధారం కాదనడానికి మరొక నిదర్శనం ఉన్నది. 1976లో మార్మర్, జబాక్ పుట్టుకతో చూపులేనివారికి చేతితో తడిమే ఆకారాలు ఇచ్చి మానసిక భ్రమణ పరీక్ష చేశారు. వారిలో కూడా కోణం పెరిగినకొద్దీ కాలం పెరిగింది. కన్ను ఎన్నడూ చూడని చలనాన్ని మనస్సు స్పర్శజ్ఞానంతో కల్పించుకొన్నది.

ఊహించిన కదలికకు కాలపరిమాణం కూడా ఉన్నది. ఫ్రాన్సు దేశానికి చెందిన డెసెటీ, జానెరో, ప్రాబ్లాంక్ 1989లో జరిపిన ప్రయోగంలో, కొంత దూరంలోని గురుతు వరకు నడవడానికీ, నడిచినట్లు ఊహించడానికీ దాదాపు ఒకే కాలం పట్టినది. వీపుపై 25 కిలోల బరువు ఉన్నప్పుడు ఒక చిత్రం జరిగినది. నిజమైన నడకకు పట్టే కాలం పెద్దగా మారలేదు. ఊహలోని నడకకు మాత్రం ఎక్కువ కాలం పట్టింది. బరువు మోసే కష్టం ఊహలోకి కాలరూపంలో ప్రవేశించినదన్నమాట. గజ్జెల బరువు ఎరిగిన నర్తకి, వాటిని ఎరుగని పండితుడు ఒకే శ్లోకాన్ని చదివేటప్పుడు వారి ఊహలోని పాదాలు ఒకే వేగంతో లేస్తాయా అన్న సందేహానికి ఈ ప్రయోగం చోటిస్తున్నది.

అభ్యాసం తెచ్చే భేదం

స్వీడన్ దేశంలో ఓల్సన్, అతని సహచరులు 2008లో ఎత్తుకు దూకే క్రీడాకారులనూ, ఆ ఆట ఎరుగనివారినీ దూకుతున్నట్లు ఊహించుమని చెప్పి, అయస్కాంత అనునాద పద్ధతిలో వారి మెదళ్లను పరిశీలించారు. క్రీడాకారులలో చలనాన్ని నడిపించే మెదడు భాగాలు పనిచేశాయి. ఆట ఎరుగనివారిలో ముఖ్యంగా దృష్టికి సంబంధించిన భాగాలు పనిచేశాయి. ఒకే ఆజ్ఞకు ఒకరు దూకారు, మరొకరు దూకుడును చూశారు అని చెప్పవచ్చును.

ఇంతకు కొంచెం ముందు, 2005లో, లండన్‌లో కాల్వో-మెరీనో బృందం బాలే నర్తకులనూ, బ్రెజిల్ దేశపు కపోయెరా అనే యుద్ధనృత్యం చేసేవారినీ పరీక్షించింది. రెండు రకాల నృత్యాలనూ ఇరువురికీ చూపారు. ఎవరు ఏ విద్య నేర్చారో ఆ విద్యకు చెందిన కదలికలను చూసినప్పుడు వారి మెదడులోని చలన సంబంధమైన భాగాలు ఎక్కువగా పనిచేశాయి. ఇది ఎక్కువసార్లు చూసినందువల్ల కలిగిన పరిచయమే కావచ్చునని ఒక ఆక్షేపణ రాగలదు. 2006లో ఆ బృందమే ఈ ఆక్షేపణకు సమాధానం చెప్పింది. బాలేలో కొన్ని గతులు పురుషులు మాత్రమే, కొన్ని స్త్రీలు మాత్రమే చేస్తారు. కలిసి సాధన చేస్తారు కనుక రెండు రకాలనూ అందరూ చూస్తూనే ఉంటారు. అయినప్పటికీ ఎవరి గతులను వారు చూసినప్పుడే చలనభాగాలు ఎక్కువగా స్పందించాయి. చూచి ఎరగడం వేరు, చేసి ఎరగడం వేరు అని తేలినది.

ఈ వెలుగులో నృత్తరత్నావళిని మళ్లీ చదివితే చిక్కు కొంత విడిపోతుంది. వడమాలపేట ప్రాంతంలో కోలాటం ఆడిన విద్యార్థి దండరాసక లక్షణం చదివేటప్పుడు అతని చేతికి కర్ర గుర్తు వస్తుంది. ఎదుటివాని కర్రకు తగిలే క్షణం, తిరిగి పక్కవానివైపు మళ్లే క్షణం అతడు పుస్తకం నుండి నేర్చుకోనక్కరలేదు. శ్లోకం ఇచ్చిన బిందువుల నడుమ రేఖను అతని అభ్యాసమే గీస్తుంది. ఆ విద్యార్థే పేరిణి ప్రకరణానికి వచ్చేసరికి నిఘంటువు వెదకవలసి వస్తుంది. గ్రంథమూ ఒకటే, గ్రంథకర్తా ఒకడే. దండరాసకం స్పష్టంగానూ పేరిణి అస్పష్టంగానూ తోచడానికి కారణం రచనలో లేదు.

లయ అనే కొలత

అభ్యాసమంటే అవయవాల కదలిక మాత్రమే కాదు. పేరిణికి లక్షణకర్తలు చెప్పిన ఐదు అంగాలలో ఘర్ఘరం ఒకటి. గజ్జెలు కట్టిన పాదాన్ని నేలపై రకరకాలుగా ప్రయోగించి నాదాన్ని రాబట్టడమే ఘర్ఘరం. ఇక్కడ కదలికకు ఫలం శబ్దం. శబ్దాన్ని ఊహించలేనివాడు ఆ కదలికను కూడా ఊహించలేడు.

శరీరానికీ లయకూ ఉన్న సంబంధం ఎంత ముందుగా ఏర్పడుతుందో కెనడాలో ఫిలిప్స్-సిల్వర్, ట్రెయినర్ 2005లో జరిపిన ప్రయోగం తెలుపుతుంది. ఏడు నెలల శిశువులకు ఎక్కడా ఊనిక లేని ఒక లయను వినిపించారు. దానిని రెండేసి మాత్రలుగానూ వినవచ్చు, మూడేసి మాత్రలుగానూ వినవచ్చు. వింటున్నంతసేపూ కొందరు శిశువులను ప్రతి రెండవ మాత్రకు, మరికొందరిని ప్రతి మూడవ మాత్రకు చేతులలో ఎగురవేశారు. తరువాత ఊనిక చేర్చిన రెండు రకాల లయలను వినిపించగా, తమను ఏ లెక్కలో ఎగురవేశారో ఆ లెక్కలో ఉన్న లయనే శిశువులు ఎక్కువసేపు విన్నారు. ఇతరులు ఎగరడాన్ని చూసినంత మాత్రాన ఈ ఫలితం రాలేదు. కళ్లకు గంతలు కట్టినా ఫలితం పోలేదు. శిశువు దేహం ఊగినది కాబట్టే చెవి ఆ లెక్కను పట్టుకొన్నది.

తాళం ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. ఆరు దెబ్బలను మూడు రెండ్లుగానూ, రెండు మూళ్లుగానూ భాగించవచ్చు. లెక్క ఒకటే అయినా నడక వేరు. ఒడిలో ఊగిన శిశువు కూడా ఈ భేదాన్ని గ్రహిస్తున్నది.

దీనికి తిరుగుబాట కూడా ఉన్నది. శబ్దం కదలికను మేల్కొలుపుతుంది. 2007లో అమెరికాలో లహావ్, సాల్ట్‌జ్‌మన్, ష్లాగ్ అనేవారు సంగీతం ఎరుగనివారికి ఐదు రోజులలో ఒక చిన్న పాటను పియానోపై వాయించడం నేర్పారు. తరువాత వారు కదలకుండా పడుకొని ఆ పాటను వింటున్నప్పుడు మెదడులోని చలన సంబంధమైన ప్రదేశాలు పనిచేశాయి. నేర్వని పాటను విన్నప్పుడు అంతటి స్పందన రాలేదు. చెవి విన్నది, చేయి జ్ఞాపకం చేసుకొన్నది.

కావున రాళ్లపల్లివారి సంగీత జ్ఞానం అనువాదానికి కేవలం అలంకారం కాదు, అవసరం. అయినా అనువాదకుని పాండిత్యం ఎంతటిదైనా చదువరి కాలికి అభ్యాసాన్ని ఇవ్వజాలదు. లయ భాగాన్ని సంగీతం తెలిసిన చదువరి కొంత అందుకొంటాడు. పాదభాగం అతనికి కూడా మూసిన తలుపే.

అతిశయోక్తులకు అడ్డుకట్ట

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి, చేయనివానికి ఏదీ అర్థం కాదని సిద్ధాంతం చేయరాదు. వానుస్కోర్ప్స్, కారమాజ్జా 2016లో ప్రకటించిన పరిశోధనలో, పుట్టుకతో చేతులు లేనివారు ఇతరుల చేతి పనులను చూచి మిగిలినవారివలెనే గుర్తించగలిగారు. అంటే కదలికను గుర్తించడానికి స్వయంగా చేసిన అనుభవం తప్పనిసరి కాదు. చూపు, ఆలోచన, భాష కూడా దారి చూపగలవు. గుర్తించడం వేరు, అందులోని కాలభేదాలను లోపలి నుండి అనుభవించడం వేరు అని ఈ రెండు రకాల ఫలితాలను సమన్వయించవచ్చు. కాని ఈ సమన్వయం కూడా ఇంకా పరీక్షింపదగినదే.

ఇటలీలోని పార్మాలో రిజ్జొలాటి బృందం 1992లో కోతుల మెదడులో కొన్ని విచిత్రమైన నాడీకణాలను కనుగొన్నది. కోతి ఒక పని చేసినప్పుడూ, అదే పనిని మరొకరు చేస్తుండగా చూసినప్పుడూ అవి స్పందించాయి. వీటికి దర్పణ కణాలని పేరు వచ్చింది. అటుపైన కళ, భాష, దయ మొదలైన సర్వ విషయాలకూ ఈ కణాలే కారణమని వ్రాసినవారున్నారు. గ్రెగరీ హికాక్ వంటి విమర్శకులు ఇందులోని తొందరపాటును ఎత్తిచూపారు. కోలాటం చూసేవాని కాలు కదలడానికి దర్పణ కణాలే కారణమని పాఠం చెప్పడం నేటి జ్ఞానానికి మించిన మాట అవుతుంది. నిజానికి ఈ కదలికను గుర్తించడానికి నాడీకణాలు తెలియనక్కరలేదు. తాడుపై నడిచేవానిని చూసే జనం తామే తూగుతున్నట్లు ఒళ్లు వంచుతారని ఆడం స్మిత్ 1759లోనే గమనించాడు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో ధర్మరాజు గుడుల వద్ద జరిగే భారత ఉత్సవాలలో అర్జున తపస్సు నాడు వేషధారి ఎత్తైన మానుపైకి ఎక్కుతుండగా చూసే జనాన్ని గమనించినవారు కూడా ఇదే చెబుతారు.

సంగీతం వింటే బుద్ధి పెరుగుతుందన్న ప్రచారం కూడా ఇటువంటిదే. 1993లో రౌషర్ బృందం పది నిమిషాలు మొజార్ట్ సంగీతం విన్న విద్యార్థులు కొద్దిసేపు కొన్ని స్థలజ్ఞాన పరీక్షలలో మెరుగ్గా ఉన్నారని ప్రకటించింది. తరువాత అనేక ప్రయోగాలను కలిపి 2010లో చేసిన సమీక్షలో ఆ ఫలితం స్వల్పమనీ, మొజార్ట్ సంగీతానికే ప్రత్యేకమైనది కాదనీ తేలినది. వినడం ఒకటి, వాయించడం ఒకటి. కోలాటం ఆడితే గణితంలో మార్కులు వస్తాయని కూడా ఎవరూ నిరూపించలేదు. అట్లా చెప్పి కోలాటాన్ని సమర్థించనక్కర కూడా లేదు.

ఊహ ఒక్కటే చాలునన్న వాదానికి హద్దు చూపిన ప్రయోగం మరొకటి ఉన్నది. 1995లో పాస్కువల్-లియోన్ బృందం కొందరిచేత రోజుకు రెండు గంటల చొప్పున ఐదు రోజులు పియానోపై ఐదువేళ్ల పాఠం సాధన చేయించింది. మరికొందరు వేళ్లు కదల్చకుండా అంతకాలమూ మనస్సులోనే సాధన చేశారు. ఇరువురి మెదడులోనూ వేళ్లను కదిలించే ప్రదేశం విస్తరించినది. కాని మనస్సులో సాధన చేసినవారు ఐదవరోజున చేరుకొన్న స్థాయిని నిజంగా వాయించినవారు మూడవరోజుననే చేరుకొన్నారు. తరువాత ఒక్క రెండుగంటల నిజమైన సాధనతో వెనుకబడినవారు ఆ లోటును పూరించుకొన్నారు. ఊహ వ్యర్థం కాదు. అది శరీరానికి సహాయకారి, ప్రత్యామ్నాయం కాదు.

పేరిణి పునరుద్ధరణ – ఒక నిర్ణయం

ఇరవయ్యవ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ నృత్తరత్నావళినీ, రామప్ప శిల్పాలనూ ఆధారంగా చేసుకొని పేరిణి శివతాండవాన్ని పునరుద్ధరించాడు. ఆయన చేసిన సేవకు విలువ కట్టడం కష్టం. ఆయన లేకుంటే పేరిణి నేడు పుస్తకంలోని ఒక పేరు మాత్రమే అయి ఉండేది. అయితే నేటి పేరిణి పదమూడవ శతాబ్దపు పేరిణియే అని చెప్పడం శాస్త్రసమ్మతం కాదు. బిందువులు జాయపునివి, రామప్ప శిల్పులవి. వాటిని కలిపిన రేఖ ఇరవయ్యవ శతాబ్దపు నర్తకుని దేహం గీసినది. ఆ దేహం తన గురువుల వద్ద నేర్చిన నడకలను ఎరిగినది, ఆ నడకల భాషలోనే ఊహించినది. మరొక విద్యలో పెరిగినవాడు అవే శ్లోకాల నుండి మరొక పేరిణిని తెచ్చి ఉండేవాడు.

దీనిని నిందగా భావించరాదు. పునరుద్ధరణ అనేది ఎప్పుడూ ఇట్లాగే జరుగుతుంది. చేయవలసినదల్లా, గ్రంథం చెప్పినదేది, చదివినవాని దేహం చేర్చినదేది అని విడదీసి చూపడం. దీనికి ఒక సులభమైన పరీక్ష ఉన్నది. ఒకే లక్షణ శ్లోకానికి అర్థం చెప్పి, కూచిపూడి నర్తకునికి, భరతనాట్యం నేర్చినవారికి, పల్లెలో కోలాటం నేర్పే గురువుకు, ఏ నృత్యమూ ఎరుగనివానికి వేరువేరుగా ఇవ్వాలి. ఒకరినొకరు చూడకుండా ప్రతివారూ దానిని ఆడి చూపాలి. ఆ నలుగురి ఆటలలో ఉమ్మడిగా కనిపించినదానిని శ్లోకం చెప్పినదిగా ఎంచవచ్చు. భేదించినది చదువరుల అనుభవం. నృత్తరత్నావళికి ఇకముందు వెలువడే ముద్రణలు ఇటువంటి చలనచిత్రాలతో, తాళపు గుర్తులతో వస్తే, ఏడు వందల డెబ్బై ఏండ్ల నాటి గ్రంథానికి నిజమైన వ్యాఖ్యానం లభిస్తుంది. ఇంతవరకు వచ్చిన వ్యాఖ్యానాలు పదానికి పదం ఇచ్చాయి. కదలికకు కదలిక ఇవ్వవలసి ఉన్నది.

తరగతిలో చేయదగిన పరీక్షలు

ఈ విషయాన్ని ఉపాధ్యాయులు ఖర్చు లేకుండా తరగతిలోనే పరీక్షించవచ్చును. మొదట ఆటస్థలంలో 15 మీటర్ల దూరం కొలిచి గుర్తు పెట్టాలి. విద్యార్థి గుర్తును చూచి, కళ్లు మూసుకొని, అక్కడికి నడిచినట్లు ఊహించాలి. కాలాన్ని గడియారంతో గుర్తించాలి. తరువాత నిజంగా నడిపించి కాలాన్ని పోల్చాలి. పుస్తకాల సంచి వీపున ఉంచి మరల రెండు విధాలా చేయించాలి. ఫలితాలను పట్టికగా వ్రాసి సగటు తీయిస్తే గణిత పాఠం కూడా అవుతుంది.

రెండవది లయకు సంబంధించినది. ఉపాధ్యాయుడు ఊనిక లేకుండా సమానమైన దెబ్బలు బల్లపై కొడుతూ ఉండాలి. సగం తరగతి ప్రతి రెండవ దెబ్బకు, మిగిలిన సగం ప్రతి మూడవ దెబ్బకు అడుగు వేయాలి. కొంతసేపటి తరువాత అందరూ నిలిచి, అవే దెబ్బలను వింటూ, తమకు వినబడిన నడకను చేతితో చూపాలి. ఒకే శబ్దం రెండు జట్లకు రెండు విధాలుగా వినబడితే విద్యార్థులే ఆశ్చర్యపడతారు.

మూడవది జడ కోలాటం. పైనుండి వ్రేలాడే తాళ్ల కొసలు పట్టుకొని, ఒకరి లోపలి నుండి ఒకరు, ఒకరి వెలుపలి నుండి ఒకరు తిరుగుతూ జడ అల్లుతారు. అదే క్రమాన్ని వెనుకనుండి ముందుకు నడిస్తే జడ విడిపోతుంది. నలుగురు ఆటగాళ్లు ఆరు మార్పులు చేసిన తరువాత ఏ తాడు ఎక్కడ ఉంటుందో కాగితంపై చెప్పుమని తరగతిని అడగాలి. జడ కోలాటం ఆడినవారికీ ఆడనివారికీ భేదం కనిపిస్తుందా లేదా అన్నది పరీక్షించి తెలుసుకోవలసిన విషయం. ఫలితం ముందే నిర్ణయించుకొని పరీక్ష చేయరాదు.

పాఠశాలలలో ఆటకూ పాటకూ కేటాయించిన గంటలను పరీక్షల పేరుతో ఇతర పాఠాలకు మళ్లించడం తరచుగా కనిపిస్తున్నది. ఆ గంటలు పోయినప్పుడు పోయేది వినోదం మాత్రమే కాదు. చక్రం తిరగడం, లోలకం ఊగడం, గ్రహం కక్ష్యలో సాగడం వంటివన్నీ విద్యార్థి ఊహించవలసిన కదలికలే. త్రాడు కట్టిన రాయిని గిరగిర తిప్పి, చేతిని లాగే బలాన్ని ఎరిగినవానికి అభికేంద్రబలం కేవలం ఒక సూత్రంగా మిగలదు. నల్లబల్లపై బొమ్మ చూచి ఆ పాఠం గ్రహించలేని పిల్లవాడు మందబుద్ధి అని తీర్పు చెప్పేముందు, ఆ కదలికను అతని శరీరం ఎన్నడైనా ఎరిగినదా అని ఉపాధ్యాయుడు విచారించడం న్యాయం. ఆ పిల్లవాడే సాయంకాలం చెక్కభజనలో అడుగు తప్పకుండా జట్టును నడిపించేవాడు కావచ్చు. ఎరిగిన కదలిక నుండి ఎరుగని కదలికకు అతణ్ణి తీసుకొనిపోవడమే బోధన.

జాయప సేనాని శాస్త్రం వ్రాయకముందు గురువు వద్ద అడుగులు నేర్చుకొన్నాడు. తన గ్రంథాన్ని చదివేవారు కూడా కొంత నేర్చి వస్తారని ఆయన భావించి ఉంటే అది సహజమే. నృత్తరత్నావళి కఠినంగా తోచిన చదువరి ఒక వారం రోజులు కర్రలు చేతబట్టి కోలాటం గురువు ముందు నిలబడి, తరువాత దండరాసక ప్రకరణాన్ని తిరిగి తెరవడం మంచిది. గ్రంథంలో అక్షరం మారదు. అందులోని కదలిక మాత్రం మునుపటికంటె దగ్గరగా వస్తుంది.